భయభక్తులంటే చెప్పులు బయట విడవడమేనా? గాజువాక నుంచి ఒక ప్రశ్న

గాజువాక అమ్మ:

అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

నేను పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో. పాత మిషన్ గుడి, గంట మోగితే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. మా అమ్మ చెంగు తలమీదకి లాక్కుని, నా చెయ్యి పట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా తల ఊపి వెళ్లిపోయేది, తిరిగొచ్చేటప్పుడే మాట్లాడేది. పెళ్లయ్యాక గాజువాక వచ్చాం. ఇక్కడ మేం వెళ్లే సంఘం షాపుల బిల్డింగ్ పై అంతస్తులో నడుస్తుంది, డ్రమ్స్, కీబోర్డు, రెండు పెద్ద స్పీకర్లు. పాటలు బాగుంటాయి, జనం ప్రేమగా ఉంటారు, దానితో నాకు పేచీ ఏమీ లేదు. కానీ వాక్యం చెబుతుంటే పక్కన ఫోన్‌లో వీడియోలు చూసేవాళ్లు, ప్రార్థనలో లేచి వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లు కనిపిస్తుంటే నాకు ఒళ్లంతా ఇబ్బందిగా ఉంటుంది. ఇది నా పాత అలవాటు వల్ల వచ్చిన చాదస్తమా, లేక నిజంగానే మనం ఏదో పోగొట్టుకుంటున్నామా అని ఆలోచిస్తుంటాను.

పోయిన నెల మా పాపకి సండే స్కూల్‌లో సామెతలు 1:7, "యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము" అన్నది కంఠత వాక్యంగా ఇచ్చారు. తొమ్మిదేళ్లు దానికి. రాత్రి పడుకునే ముందు అడిగింది, "అమ్మా, నాకు మ్యాథ్స్ సార్ అంటే భయం, అందుకే స్టాఫ్ రూమ్ వైపు వెళ్లను. దేవుడంటే కూడా భయం ఉండాలంటే ఆయన దగ్గరికి ఎలా వెళ్తాను?" నాకు జవాబు రాలేదు. పడుకో అన్నాను.

అసలు సంగతి ఇంకొకటుంది. మా సంఘంలో ఒక పెద్ద చీటీలు నడుపుతారు. ప్రార్థనలో అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉండేది ఆయనే. మాతో పాటు వచ్చే ఒకావిడ, భర్త లేరు, పొద్దున్నే టిఫిన్ బండి పెట్టుకుంటుంది, లక్ష రూపాయల చీటీ వేసి దాదాపు అరవై వేలు కట్టింది. చీటీ మధ్యలో ఆగిపోయింది. మూడుసార్లు ఆయన ఇంటికి వెళ్లింది, "దేవుడు సమకూరుస్తాడు, ప్రార్థన చేయమ్మా" అని పంపేశారు. స్త్రీల కూడికలో నేను ఈ మాట ఎత్తితే, "అభిషిక్తులను, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను, ముట్టకూడదు, దేవుడంటే భయం ఉండాలి" అని నన్నే ఆపేశారు. ఆ రోజు నుంచి ఆ మాట వింటేనే నాకు గుండె బరువెక్కుతోంది. ఎంతో ఇష్టంగా పెరిగిన మాట అది.

భయభక్తులతో బతకడం అంటే సంఘంలో రోజువారీగా ఏం చేయడం? ఆరాధన గురించీ చెప్పండి, ఈ డబ్బు విషయం గురించీ చెప్పండి.

వన్‌టౌన్ తాతయ్య:

అమ్మా, నీది చాదస్తం కాదు. నాకు డెబ్బై ఒకటి, పోర్టులో పనిచేసి రిటైరయ్యాను, నేనూ ఆ గంట విని పెరిగినవాణ్నే.

ఒంటికి నేర్పితేనే మనసుకి తెలిసేవి కొన్ని ఉంటాయి. మా నాన్న హార్బర్‌లో కలాసీ. వారమంతా గ్రీజు, ఉప్పు గాలి. ఆదివారం పొద్దున కుళాయి దగ్గర కాళ్లు రుద్ది రుద్ది కడుక్కునేవాడు, గోళ్ల సందుల్లో నల్లదనం పోదు, అయినా రుద్దేవాడు. చదువు లేదు, "నేను ఎవరి దగ్గరికి వెళ్తున్నానో నా కాళ్లకి తెలియాలి" అనేవాడు. మన ఊళ్లో ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. హార్బర్ వైపు నుంచి తలెత్తితే మూడు కొండలు కనిపిస్తాయి, ఒకదాని మీద మరియమ్మ గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, మూడింటి దగ్గరా మనుషులు చెప్పులు విడిచే లోపలికి వెళ్తారు. మన ఇరుగుపొరుగు మన దేవుడెలాంటివాడో మన నడతలోనే చూస్తారు కాబట్టి, మనం ఆయన ముందు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే వాళ్లకి ఏం తెలుస్తుంది చెప్పు.

కానీ నాన్న దగ్గర నేను నేర్చుకున్న పెద్ద సంగతి కాళ్లు కడుక్కోవడం కాదు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు మరణాన్ని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ముందు రోజు శనివారం సాయంత్రం నాన్న చొక్కా వేసుకుని బయటికి వెళ్లేవాడు. ఎవరితో మాట పట్టింపు ఉంటే వాళ్లింటికి. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు, నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. గోడ విషయంలో గొడవపడ్డ పక్క వీధి మనిషి, ఆయన మన మతం కాదు కూడా. నాన్న గడప దగ్గర నిలబడి, "రేపు నేను బల్ల దగ్గరికి వెళ్లాలి, నీతో ఇలా ఉండి వెళ్లలేను, తప్పు నాది ఎంతుందో చెప్పు" అన్నాడు. ఆయన ముందు తిట్టాడు. నాన్న నిలబడి విన్నాడు. తర్వాత వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చింది. మత్తయి అయిదో అధ్యాయంలో, బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట నాకు ఆ గడప దగ్గరే అర్థమైంది, ప్రసంగంలో కాదు.

ఒకసారి కుదరలేదు, అవతలివాడు ఊళ్లో లేడు. మర్నాడు నాన్న గుడికి వచ్చాడు గానీ బల్ల దగ్గరికి లేవలేదు. అందరూ లేస్తుంటే ఆయన తల వంచుకుని బెంచీ మీద కూర్చుండిపోవడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మీ సంఘంలో ఆ పెద్ద బల్ల తీసుకుంటున్నారా? తీసుకుంటుంటే ఆవిడ అరవై వేల సంగతి ఆయనకి ఆ రొట్టె ముక్క దగ్గరైనా గుర్తు రావాలి.

ఇంకో మాట, వయసు మీద పడ్డవాణ్ని కదా, పాత సంగతులు గుర్తొస్తాయి. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖ వచ్చారు. ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తిప్పడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తమ చేతి పనిని అచ్చులో ఇద్దరూ చూడలేదు. చూసేవాడు ఒక్కడు ఉన్నాడన్న నమ్మకం లేకపోతే ఈ ఎండలో, ఈ జ్వరాల మధ్య అంత పని ఎవరు చేస్తారు. నాకైతే అదే భయభక్తి.

లేఖనాల విద్యార్థిని:

వందనాలు అక్కా. నేను ఇప్పుడు బైబిల్ చదువు చదువుతున్నాను, మా నాన్నగారు సంఘ కాపరి. మీ పాప ప్రశ్నకి ముందు నా జవాబు.

నిర్గమకాండము 20:20 పాపతో కలిసి చదవండి. సీనాయి కొండ దగ్గర ఉరుములు, పొగ, జనం వణుకుతున్నారు. మోషే ఒకే వచనంలో రెండు మాటలు చెబుతాడు, భయపడకండి అంటాడు, వెంటనే మీరు పాపం చేయకుండా దేవుని భయం మీకు కలగాలనే ఆయన వచ్చాడంటాడు. అంటే పారిపోయే భయం వద్దు, దగ్గర నిలబడి తప్పు చేయలేకపోయే భయం కావాలి. హెబ్రీలో ఆ రెండింటికీ మాట ఒకటే, సందర్భం బట్టి వణుకూ అవుతుంది, గౌరవంతో కూడిన ఆశ్చర్యమూ అవుతుంది. మన తెలుగు బైబిల్లో చాలాచోట్ల దాన్ని భయభక్తులు అని జంటగా రాశారు. నాకు ఆ జంట చాలా ఇష్టం. భక్తి విడిపోయి భయం ఒక్కటే మిగిలితే మీ పాప చెప్పిన స్టాఫ్ రూమ్ అవుతుంది. భయం పోయి భక్తి ఒక్కటే మిగిలితే ఫోన్ చూస్తూ పాట పాడటం అవుతుంది.

పాపకి 130వ కీర్తన కూడా చూపించండి. నీ దగ్గర క్షమాపణ ఉంది, అందుకే జనం నీకు భయపడతారు అని ఉంటుంది అక్కడ. శిక్ష ఉందని కాదు, క్షమాపణ ఉందని. నేను మొదటిసారి గమనించినప్పుడు చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. అంత క్షమించినవాణ్ని బాధపెట్టకూడదన్న భయం అది. మీరు అలిసిపోయి పడుకుంటే పాప చప్పుడు కాకుండా తలుపు వేస్తుంది కదా, దాన్ని గుర్తు చేసి చెప్పండి, తనకి అర్థమవుతుంది.

ఇక రెండో సంగతి. లేవీయకాండము పంతొమ్మిదో అధ్యాయంలో చెవిటివాణ్ని తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు, నీ దేవునికి భయపడు అని ఉంటుంది. ఇక్కడికి దేవుని భయం ఎందుకు వచ్చింది? చెవిటివాడికి తిట్టు వినబడదు. గుడ్డివాడికి రాయి పెట్టింది ఎవరో కనబడదు. వాళ్లు తిరిగి అడగలేరు, సాక్షి లేడు, పోలీసు లేడు. అక్కడ మనల్ని ఆపేది దేవుడు చూస్తున్నాడన్న ఎరుక ఒక్కటే. అదే అధ్యాయంలో తల నెరిసినవాళ్ల ముందు లేచి నిలబడు, దేవునికి భయపడు అని ఉంది. ఇరవై అయిదో అధ్యాయంలో అమ్మకం కొనుగోళ్లలో ఒకరినొకరు బాధపెట్టొద్దు, చితికిపోయిన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దు, పనివాడి మీద కఠినంగా అధికారం చేయొద్దు అంటూ ప్రతిచోటా అదే మాట. మనమైతే ఆ మాటని ముసుగులకీ మోకాళ్లకీ మాత్రమే కట్టేశాం. ముసుగు తప్పని నేను అనను, నేనూ వేసుకుంటాను. కానీ మోషే ధర్మశాస్త్రంలో ఆ మాట బలహీనుల పక్కన నిలబడి ఉంది. ఆ లెక్కన టిఫిన్ బండి ఆవిడ ముందు ఎవరు ఎలా ఉన్నారన్నదే మీ సంఘంలో దేవుని భయం ఎంతుందో చెబుతుంది.

అభిషిక్తులను ముట్టవద్దు అన్నది 105వ కీర్తన. పైన నాలుగు వచనాలు కూడా చదవమనండి. కొద్దిమందిగా, పరదేశులుగా, ఊరూరా తిరుగుతున్న అబ్రాహాము కుటుంబానికి హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. బలం లేనివాళ్ల కోసం బలమున్నవాళ్లకి చెప్పిన మాట. దాన్ని తిప్పి ఒక విధవరాలి నోరు మూయడానికి వాడటం వింటే నాకు ఏడుపొచ్చింది అక్కా.

కంచరపాలెం నుంచి:

నేను నాలుగేళ్లు సంఘానికి వెళ్లలేదు. కారణం ఈ భయమే. మా అమ్మకి కిడ్నీ జబ్బు వచ్చినప్పుడు ఒక ప్రార్థన కూడికలో, ఇంట్లో దాచిన పాపం ఉంది, ఒప్పుకుంటే స్వస్థత వస్తుందన్నారు. అమ్మ ఆ రాత్రంతా కూర్చుని చిన్నప్పటి నుంచి చేసిన తప్పులన్నీ కాగితం మీద రాసింది. ఎవరి చెట్టు జామకాయలు కోసిందో కూడా రాసింది. ఆ కాగితం చూశాక నేను ఇంక వెళ్లలేకపోయాను. భయం పెట్టి మనుషులని దేవుడి దగ్గరికి తోలేవాళ్లు ఆ కాగితం ఒకసారి చదవాలి.

తిరిగి వెళ్లింది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబరు 12, ఆ రోజు ఆదివారమే, తుఫాను మన ఊరి మీదే తీరం దాటింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కోసం క్యూ, వీధి నిండా పడిపోయిన చెట్లు. మా వీధి చివర చిన్న సంఘం రేకులు ఎగిరిపోయాయి. మర్నాడు పొద్దున చూస్తే ఆ పాస్టరు గారు గుడి రేకుల కోసం వెతకడం లేదు, గొడ్డలి పట్టుకుని మా సందులో అడ్డంగా పడ్డ చెట్టు కొడుతున్నారు, మా అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో రావాలని. ఆయనకి మేం ఎవరమో సరిగ్గా తెలియదు కూడా. తర్వాత మూడు రోజులు ఆ కప్పులేని గుడిలోనే గాడిపొయ్యి పెట్టి వీధంతటికీ కిచిడీ వండారు. ముందు అన్నం ముసలివాళ్లకి, ఆఖరున సంఘం పెద్దలకి. ఎవరూ దాని గురించి వాక్యం చెప్పలేదు. నేను గిన్నెలు కడగడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాను.

విద్యార్థిని గారు రాసింది చదివాక ఆ వడ్డన వరస ఎందుకు నాకు అంతగా తాకిందో ఇప్పుడు తెలిసింది. పాపకి ఒక మాట చెప్పండి, దేవుడంటే భయం ఉన్న మనిషిని చూస్తే మనకి భయం వేయదు. అలాంటి మనిషి ఇంట్లోకి ధైర్యంగా వెళ్లొచ్చు.

ప్రార్థనాపరుడు:

సోదరీ, మీ బాధ అర్థమైంది. అయినా సంఘం విషయాలు ఇలా పదిమందిలో పెడితే బయటివాళ్లు దేవుని నామాన్ని దూషిస్తారు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకి వెళ్లకూడదని పౌలు రాశాడు. ఉపవాసం ఉండి ప్రార్థించండి, దేవుడే ఆయనతో మాట్లాడతాడు.

కానుక లెక్క చూసేవాణ్ని:

పై అన్నయ్య గారూ, మీ ఆందోళన మంచిదే, పేర్లు రాయకపోవడమూ మంచిదే, అక్క ఎవరి పేరూ రాయలేదు. కానీ మొదటి కొరింథీయులకు ఆరో అధ్యాయం సగంలో ఆపకండి. కోర్టుకి ఎందుకు వెళ్తున్నారు అని అడిగిన పౌలే, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సిగ్గుపడేటట్టు అడుగుతాడు. సహోదరులకే అన్యాయం చేసి వాళ్ల సొత్తు అపహరిస్తున్నారని కూడా అక్కడే అంటాడు. అంటే కోర్టు వద్దన్నప్పుడు సంఘం కూర్చుని తీర్చాలి. రెండూ వద్దంటే ఆవిడ ఎక్కడికి వెళ్తుంది?

అక్కా, నేను మద్దిలపాలెం వైపు ఒక సంఘంలో పదకొండేళ్లుగా కానుక లెక్క చూస్తున్నాను. మా దగ్గర కానుక సంచి ఒక్కరు విప్పరు. బంధుత్వం లేని ఇద్దరు, ఒకరు స్త్రీల కూడిక నుంచి, అక్కడే బల్ల మీద లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెడతారు. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు, మా మీద నమ్మకం లేదా అని. అప్పుడు మా పాస్టరు గారు రెండో కొరింథీయులకు ఎనిమిదో అధ్యాయం తీశారు. పౌలు యెరూషలేము పేదలకి చందా మోసుకెళ్తూ, తనతో వేరేవాళ్లని కూడా పెట్టుకుంటాడు, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలని. పౌలుకే అక్కర పడింది, మనకి పడదా.

నెహెమ్యా అయిదో అధ్యాయం కూడా మీ సంగతికి సరిపోతుంది. యూదులే తోటి యూదుల పొలాలు తాకట్టు పెట్టుకుని వడ్డీ పిండుతుంటే నెహెమ్యా పెద్దలందరినీ సభలో నిలబెట్టి తిరిగి ఇప్పించాడు. అధికారిగా తనకి రావాల్సిన భత్యం కూడా తీసుకోలేదు, దేవుని భయం వల్ల నేను అలా చేయలేదు అని ఆయనే రాసుకున్నాడు.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఆవిడ ఒంటరిగా మూడుసార్లు వెళ్లింది కదా, తప్పు చేసిన సహోదరుడితో ముందు ఒంటరిగా మాట్లాడమని మత్తయి పద్దెనిమిదిలో ఉన్న మొదటి మెట్టు అయిపోయినట్టే. ఇప్పుడు ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. కట్టిన తేదీలు, ఎంత కట్టింది, ఎవరి చేతికిచ్చింది, చీటీ పుస్తకంలో ఉన్నదంతా ఒక కాగితం మీద తేటగా రాయండి. అరవకండి. ఏ నెల ఎంత తిరిగి ఇస్తారో రాసి సంతకం పెట్టమనండి. ఒప్పుకోకపోతే పాస్టరు గారి దగ్గరికి, తర్వాత సంఘం ముందుకి. మొదటి తిమోతి అయిదులో పెద్దల మీద ఫిర్యాదుకి ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని ఉంది, అది వాళ్లకి రక్షణ. పాపంలో కొనసాగేవాళ్లని, మిగతావాళ్లకి భయం కలిగేటట్టు అందరి ముందు గద్దించమని తర్వాతి వచనంలోనే ఉంది. రిజిస్టర్ చేయకుండా చీటీలు నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నేరం, ఆ సంగతి ఆయనకి బెదిరింపుగా కాకుండా, ఆయన మంచి కోసమే చెప్పాలి. ఇంకా ఎంతమంది డబ్బు అందులో ఉందో.

గాజువాక అమ్మ:

అందరికీ చాలా వందనాలు. తాతయ్య గారూ, మీ నాన్నగారు బెంచీ మీద కూర్చుండిపోయిన సంగతి మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి వాళ్ల తమ్ముడికి ఫోన్ చేశారు. రెండేళ్లయింది వాళ్లిద్దరూ మాట్లాడుకుని.

ప్రార్థనాపరుడు అన్నయ్య గారూ, మీ మాట కొట్టేయలేదు, శుక్రవారం ఉపవాసం ఉన్నాం, ఆవిడా, నేనూ. ఆదివారం ఆరాధన అయ్యాక మేమిద్దరం, మా ఆయన, ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాం. కాగితం ముందే రాసుకున్నాం. నా చేతులు వణికాయి, లోపల కూర్చోమని కూడా అనలేదు ముందు. సంఘాన్ని చీల్చడానికి వచ్చారా అన్నారు. ఆవిడ మాత్రం చాలా నెమ్మదిగా, "అన్నయ్యా, మీరు నాకోసం ప్రార్థన చేస్తున్నప్పుడు నేను ఆమెన్ అనలేకపోతున్నాను, అనాలని ఉంది" అంది. అప్పుడు వాళ్లావిడ లోపలి నుంచి వచ్చి ఆ కాగితం తీసుకుంది. చీటీ పాడుకున్నవాళ్లలో ఇద్దరు ఎగ్గొట్టారట, ఆయన కూడా మునిగి ఉన్నారు, పరువు కోసం చెప్పలేదట. మేం అది అనుకోలేదు. నెలకి అయిదు వేలు ఇస్తానన్నారు గానీ సంతకం పెట్టలేదు, పాస్టరు గారి ముందు పెడతానన్నారు. బుధవారం సాయంత్రం అక్కడ కూర్చుంటాం. ఇంకో ఆరుగురి డబ్బు కూడా ఉందని తెలిసింది, వాళ్లని కూడా రమ్మంటున్నాం.

పాపకి 130వ కీర్తన చదివి, తలుపు సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి ఆ తాతగారు ఆంటీకి డబ్బులు ఇచ్చేస్తారా?" అని అడిగింది. బుధవారం తెలుస్తుంది అన్నాను. తనూ వస్తానంటోంది, చిన్నపిల్లని తీసుకెళ్లాలా వద్దా మీరే చెప్పండి.

వన్‌టౌన్ తాతయ్య:

తీసుకెళ్లమ్మా. నన్ను మా నాన్న తీసుకెళ్లాడు.